తునకలో హెచ్

వీరభద్రరావు ఫెర్రీలో కిటికీ పక్కన కూర్చోడు. కిటికీ పక్కన కూర్చుని నీళ్ళకి ఫోటోలు తీసేవాళ్ళంటే ఆయనకి చులకన. డార్ట్‌మౌత్ నుంచి హాలిఫాక్స్‌కి పట్టుమని పావుగంట పట్టదు. ఆ కాస్త దూరానికి ఫోటోలేమిటి, నీళ్ళు ఎప్పుడూ చూడలేదా వీళ్ళు? పదమూడేళ్ళుగా ఆయన మధ్య వరసలో, గోడకేసి మొహం పెట్టి కూర్చుంటున్నాడు. ఎవరైనా పలకరిస్తే తలాడిస్తాడు. రెండోసారి పలకరిస్తే ఫోన్ తీస్తాడు. మూడోసారి పలకరించిన మనిషి ఈ పదమూడేళ్ళలో లేడు.

ఆయనకి ఏమేం చులకనో చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. చులకన కానిదేమిటో చెప్పడం తేలిక. వీరభద్రరావు.

బందరులో బీఎస్సీ, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు, న్యూజెర్సీలో తొమ్మిదేళ్ళ ఉద్యోగం. అక్కడ గ్రీన్ కార్డు వరస కదలక కెనడా వచ్చాడు. అమెరికాలో ఉన్నన్నాళ్ళూ అమెరికావాళ్ళకి బుర్ర లేదనేవాడు. కెనడాలో దిగిన మర్నాటి నుంచి "అదే అమెరికాలో అయితేనా" అనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు యాభై ఆరేళ్ళు. ఫెర్రీ దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే ఆఫీసులో, ఆరుగురున్న కంపెనీలో, సీనియర్ డెవలపర్. ఓనరు మహీధర్ హైదరాబాదు మనిషి, ఆయనకంటే పదేళ్ళు చిన్న. ఆ పదేళ్ళ చిన్నతనమూ వీరభద్రరావుకి చులకనే. కాకపోతే జీతం ఇచ్చేవాడు కనక దాన్ని మనసులోనే ఉంచుకున్నాడు.

ఆయన పని పైథాన్. పైథాన్‌లో జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ మీద వెబ్ పేజీలు కట్టడం. అంటే అడిగిన పేజీని పంపించే సర్వర్ వైపు పని. బ్రౌజర్లో కదిలేవీ మెరిసేవీ అన్నీ జావాస్క్రిప్ట్ పని, దాని జోలికి ఆయన పోడు. జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళు ఆయన దృష్టిలో ప్రోగ్రామర్లు కారు, పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బులు కట్టేవాళ్ళు. ఆ ఫైళ్ళన్నీ స్టాటిక్ అనే ఫోల్డర్లో ఉంటాయి. పదమూడేళ్ళలో ఆయన ఆ ఫోల్డర్ తెరవలేదు. ఆ సంగతి అడగకపోయినా చెప్పుకునేవాడు. అడగకుండా ఆయన చెప్పే సంగతి అదొక్కటే.

మిగతా అన్నింటికీ ఆయనకి ఒకటే సూత్రం. "సర్వర్ అనేవాడు అడిగినంతే ఇవ్వాలి." ఇంట్లోనూ అంతే. "భోంచేశారా?" అని భార్య అడిగితే "ఆఁ." "ఏం తిన్నారు?" అని మళ్ళీ అడిగితే "అన్నం." "కూరేమిటి?" అని మూడోసారి అడిగితే గాని కూర బయటికి రాదు. ఆమె పేరు బాలత్రిపురసుందరి. ముప్ఫై ఏళ్ళుగా ఆ మహాతల్లి ఆయన్ని ముక్కలు ముక్కలుగా అడిగి, ఆ ముక్కలు అతికించుకుని, ఒక మొగుణ్ణి తయారుచేసుకుని కాపురం చేస్తోంది.

ఇహ ఆ పేజీ సంగతి. ముసలివాళ్ళని ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆస్పత్రి అపాయింట్‌మెంట్లకి తీసుకెళ్ళే వలంటీర్ డ్రైవర్ల సంఘం ఒకటుంది. చర్చి కింద బేస్‌మెంట్‌లో వాళ్ళ ఆఫీసు. ఫోన్లు ఎత్తేది మార్జరీ అనే డెబ్భై రెండేళ్ళావిడ. స్క్రీన్‌కి ఎడమపక్క ఫోన్ చేసినవాళ్ళ పేరు, అడ్రసు రాసుకునే ఫారం, కుడిపక్క ఏ డ్రైవరు ఏ గంటకి ఖాళీగా ఉన్నాడో చూపే పట్టిక. ఆ పేజీ కట్టింది వీరభద్రరావే. బాగానే కట్టాడు. కాని ఆవిడ పట్టిక చూడటానికి బటన్ నొక్కినప్పుడల్లా పేజీ మొత్తం మళ్ళీ మొదట్నించీ వచ్చేది. ఎడమపక్క సగం రాసిన అడ్రసు ఎగిరిపోయేది. ఆవిడ మళ్ళీ అడగాలి, అవతల ఉన్నాయనకి చెవుడు. "ఇంటి నంబరు ఎంతన్నారూ?" అని ఆవిడ అరుస్తుంటే పైన చర్చిలోకి వినపడేదట.

"రాసుకున్నాక నొక్కమనండి," అనేవాడు వీరభద్రరావు. ముసలావిడకి క్రమం తెలియదు, తన పేజీ తప్పేముంది?

చివరికి సంఘం వాళ్ళు కచ్చితంగా చెప్పేశారు. అక్టోబరు ఆఖరుకల్లా ఇది బాగుచేయకపోతే ఇంకో కంపెనీ దగ్గరికి పోతామన్నారు. మహీధర్ ఆ పని చరితకి ఇచ్చాడు.

చరితది సిద్దిపేట. ఇరవై నాలుగేళ్ళు. హాలిఫాక్స్‌లోనే కాలేజీలో రెండేళ్ళ కోర్సు చేసింది. పగలు సగం రోజు ఈ ఆఫీసులో టెంపరరీ కాంట్రాక్టు, మూడు దాటితే కాఫీ షాపులో షిఫ్టు. మహీధర్ ఆ పిల్లని కూర్చోబెట్టి వీరభద్రరావు ఎదురుగానే చెప్పాడు. "ఈ పేజీ సరిగ్గా చెయ్, డెమో బాగా అయితే ఫుల్ టైం లెటర్ ఇస్తా." ఆ లెటర్ ఆ పిల్లకి ఎంత ముఖ్యమో ఆఫీసులో అందరికీ తెలుసు. వర్క్ పర్మిట్ ఇంకా పద్నాలుగు నెలలే ఉంది. PRకి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి, అప్లై చేయాలంటే ఈ రకం ఉద్యోగంలో ఏడాది ఫుల్ టైం చూపించాలి. ఇప్పుడు మొదలైతేనే ఆ ఏడాది పూర్తవుతుంది. కాఫీ షాపులో పదేళ్ళు చేసినా ఆ లెక్కలోకి రాదు.

మొదటి రోజే ఆ పిల్ల వీరభద్రరావుని "అంకుల్" అంది.

"ఆఫీసులో అంకులేంటమ్మాయ్? ఇదేమన్నా పెళ్ళిపందిరా? ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలుచుకుంటారు, తెలీదూ?"

"వీరభద్రరావ్ అని పిలిస్తే మా అమ్మ చెప్పుతోని కొడ్తది అంకుల్," అని నవ్వింది. అంకుల్‌గానే ఉండిపోయాడు. పైకి విసుక్కున్నాడు గాని, భార్య త్రిపుర ఆ పిల్లని ఆదివారాలు భోజనానికి పిలుస్తానంటే వద్దనలేదు. ఆ పిల్ల వచ్చి వంకాయ కూర రెండుసార్లు వేయించుకుని, అంకుల్ పదమూడేళ్ళ కథ ముక్కలు ముక్కలుగా అడిగి వినేది. అడిగేవాళ్ళు దొరికితే ఆయనకీ బాగానే ఉండేది.

పని విషయానికొస్తే ఆ పిల్ల చేసింది ఇదీ. పేజీ మొత్తం మళ్ళీ అడగకుండా, బ్రౌజరు చాటుగా సర్వర్ని పలకరించి, పట్టిక ఒక్కటే తెప్పించుకుంటుంది. దాన్నే అజాక్స్ అంటారు. భోజనం మధ్యలో కూర అడిగితే, విస్తరి ఎత్తేసి కొత్త విస్తరి వేయకుండా కూర తెచ్చి వడ్డించినట్టు. అయితే ఇప్పుడు అడుగుతున్నది కూరా, భోజనమా అన్నది సర్వర్‌కి తెలియాలి. పాత జాంగోలో అది కనిపెట్టే పద్ధతి ఒకటి ఉండేది, కొత్త వెర్షన్లో తీసేశారు. తీసేసినవాళ్ళని వీరభద్రరావు మూడు రోజులు తిట్టాడు. అందుకని చరిత సొంతంగా ఒక గుర్తు పెట్టింది. బ్రౌజరు అడిగేటప్పుడు ఒక మాట కూడా పంపుతుంది. ఆ మాట ఉంటే పట్టిక ఒక్కటే ఇవ్వాలి. లేకపోతే పేజీ మొత్తం ఇవ్వాలి. ఆ మాట, తునక.

"తునకా?" వీరభద్రరావు ముక్కు చిట్లించాడు. "ఇది మటన్ కొట్టేంటి? ముక్క అనొచ్చుగా?"

"మా దిక్కు తునకనే అంటం అంకుల్. అయినా ముక్కంటే మీ దిక్కు కూడా మటనే కదా?"

మహీధర్ పక్క గదిలోంచి పడీ పడీ నవ్వాడు. "తునకే ఉంచండి వీరభద్రరావు గారూ, బావుంది."

ఉంచాడు. కాని స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట చూసినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండేది. ఆ పిల్ల టి పక్కన హెచ్ పెట్టింది. తన పేరులోనూ అంతే, చివర టి హెచ్ ఎ. పాస్‌పోర్టులో కూడా అలాగే ఉందట. పాస్‌పోర్టులో ఉన్నంత మాత్రాన ఒప్పయిపోతుందా? ఈయన మెయిల్ రాసినప్పుడల్లా ఆ హెచ్ తీసేసి రాసేవాడు.

"తకి టి చాలమ్మాయ్. టి హెచ్ అంటే థ. నువ్వు రాసింది థునక. నీ పేరు చరిథ."

"మరి ట కి ఏం రాయాలె అంకుల్?"

"ట కి పెద్ద టి. త కి చిన్న టి."

"మరి మెయిల్ ఐడీల పెద్ద టి, చిన్న టి ఒక్కటే కదా అంకుల్?"

ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నిన్నగాక మొన్న కోర్సు చేసి, పెద్ద టి గురించి తనని నిలదీస్తుందా? ఆ రోజు కాఫీ తాగుతున్నంతసేపూ ఆయన పెదవి విరుస్తూనే ఉన్నాడు. తెలుగు రాని తెలుగువాళ్ళు, తెలంగాణా యాసా, మటన్ తునకలూ, అందులో మళ్ళీ హెచ్.

డెమో గురువారం పొద్దున్న పదింటికి. బుధవారం మధ్యాహ్నం చరిత అందరికీ చూపించింది. ఎడమపక్క అడ్రసు సగం రాసింది, బటన్ నొక్కింది, కుడిపక్క పట్టిక చటుక్కున మారింది, అడ్రసు చెక్కుచెదరలేదు. మహీధర్ "సూపర్" అన్నాడు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. మూడింటికి కోటు తగిలించుకుని కాఫీ షాపుకి వెళ్ళిపోయింది.

వీరభద్రరావు కూర్చుని ఆ పిల్ల పైథాన్ కోడ్ చదివాడు. సీనియర్ కాబట్టి రివ్యూ ఆయన పని. గంటసేపు చదివాడు. తప్పు దొరకలేదు. నిజంగా తప్పు దొరికి ఉంటే ఆయన ఆ సాయంత్రం హాయిగా ఇంటికి వెళ్ళేవాడు. దొరక్కపోవడమే కొంప ముంచింది. నాలుగున్నరయింది. అప్పుడు మళ్ళీ ఆ హెచ్ కళ్ళబడింది.

పైథాన్ ఫైళ్ళన్నిట్లో ఏడు చోట్ల ఉంది. ఏడింట్లోనూ హెచ్ తీసేశాడు. కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టులు కూడా పైథానే కాబట్టి అందులోనూ పోయింది. టెస్టులు నడిపితే అన్నీ పాసై పచ్చగా వచ్చాయి. రావూ మరి? అడిగేవాడూ చెప్పేవాడూ ఇద్దరూ ఆయన స్పెల్లింగే మాట్లాడుతుంటే! బ్రౌజర్ తెరిచి చూడలేదు, టెస్టులు పచ్చగా ఉంటే బ్రౌజరెందుకు? ఆ మాట బ్రౌజరు వైపు నుంచి పంపే ఫైలు స్టాటిక్ ఫోల్డర్లో ఉంది. ఆ ఫోల్డర్ ఆయన తెరవడు కదా. మార్పు కింద సొంత పేరుతో ఒక వాక్యం రాశాడు, స్పెల్లింగ్ సరిచేయడమైనది అని. టైము నాలుగూ నలభై ఒకటి. ఐదు గంటల ఫెర్రీకి బయల్దేరాడు. పంటిలో ఇరుక్కున్న పీచు వచ్చేసినంత హాయిగా ఉంది. చరితకి చెప్పాలన్న ఊహే రాలేదు. తప్పు దిద్దినవాడు తప్పు చేసినవాళ్ళకి చెప్పుకోవడమేమిటి?

గురువారం పదింటికి చర్చి బేస్‌మెంట్. సంఘం కమిటీ నుంచి ఇద్దరు పెద్దమనుషులు, మహీధర్, వీరభద్రరావు, లాప్‌టాప్ పట్టుకుని చరిత. మార్జరీ కుర్చీలో కూర్చుంది. ఫోన్ నిజంగానే మోగింది. కంటి ఆపరేషన్‌కి వెళ్ళాల్సిన పెద్దాయన. ఆవిడ రెండు వేళ్ళతో పేరు రాసింది, వీధి రాసింది, ఇంటి నంబరు సగం రాసింది, బటన్ నొక్కింది.

కుడిపక్క పట్టిక రావాల్సిన చోట పేజీ మొత్తం వచ్చి కూర్చుంది. పైన సంఘం గుర్తు, మెనూ, ఎడమ ఫారం, కుడి పట్టిక, అన్నీ, ఆ చిన్న పెట్టెలో. ఆ లోపలి పేజీ తన పట్టిక కోసం తనూ అడిగింది. దానికీ మొత్తం పేజీయే వచ్చింది. దాంట్లో ఇంకోటి. కూర అడిగితే విస్తరిలో విస్తరి, ఆ విస్తరిలో ఇంకో విస్తరి. సంఘం గుర్తు చిన్నదై, ఇంకా చిన్నదై, చీమంతై, స్క్రీన్ బిగుసుకుపోయింది.

"అయ్యయ్యో," అంది మార్జరీ. "ఇది దాన్నదే తినేస్తోంది." ఫోన్లో పెద్దాయన హలో హలో అంటున్నాడు. "సర్, మీ ఇంటి నంబరు మళ్ళీ చెప్తారా?" అని ఆవిడ అరవడం మొదలుపెట్టింది. కమిటీ పెద్దమనుషుల్లో ఒకాయన కిటికీ లేని గోడకేసి చూశాడు.

చరిత స్క్రీన్ మీదికి వంగింది. "నిన్న మధ్యాహ్నం పనిచేసింది," అంది ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. "నిన్న మీరందరూ చూసిన్రు కదా. అంకుల్, మీరు చూసిన్రు కదా?"

వీరభద్రరావు అప్పటికే తెలుసుకున్నాడు. రెండో విస్తరి పడ్డప్పుడే తెలిసింది. పేజీ మొత్తం వస్తోందంటే సర్వర్ ఆ మాట గుర్తుపట్టడం లేదన్నమాట. గుర్తుపట్టడం లేదంటే అడిగేవాడు ఒకలా రాస్తున్నాడు, వినేవాడు ఇంకోలా వింటున్నాడు. మధ్యలో ఒక్క హెచ్. పదమూడేళ్ళలో ఒక్క తప్పు లేదని చెప్పుకునే మనిషి. ఇప్పుడే, ఇక్కడే, "నేను మార్చాను" అంటే రెండు మాటలు. మహా అయితే మహీధర్ విసుక్కుంటాడు, మార్జరీ నవ్వుతుంది, ఐదు నిమిషాల్లో అంతా మర్చిపోతారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ, గోడకున్న ప్లగ్గు పాయింటుకేసి చూస్తూ నిలబడ్డాడు, ఘనుడు.

చరిత అక్కడే మడత కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. మహీధర్ వీరభద్రరావుని మెట్ల దగ్గరికి పిలిచాడు.

"ఏమైంది వీరభద్రరావు గారూ?"

"స్పెల్లింగ్ తేడా."

"దేంట్లో?"

"ఆ మాటలో. సర్వర్‌లో ఒకలా ఉంది, స్క్రిప్ట్ ఫైల్లో ఒకలా ఉంది."

"స్క్రిప్ట్ ఫైలు రాసిందెవరు?"

"అమ్మాయే."

"మీరు రివ్యూ చేయలేదా?"

"పైథాన్ చేశాను. పైథాన్‌లో తప్పేం లేదు. టెస్టులన్నీ పాసయ్యాయి."

చూడండి ఎంత శుభ్రమైన జవాబులో! ఒక్కదాంట్లో అబద్ధం లేదు. అడిగిన దానికి అడిగినంత. ఎవరు మార్చారని మహీధర్ అడగలేదు, ఈయన చెప్పలేదు. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు మార్చారో లాగ్‌లో నిమిషాలతో సహా ఉంటుంది, మహీధర్ తెరిచి చూస్తే రెండు నిమిషాల పని. ఆయన ఓనరయ్యాక లాగులు చూడటం మానేశాడు. ఓనర్లకి మనుషుల్ని అడిగితే చాలనుకునే జబ్బు ఒకటుంటుంది.

ఇరవై నిమిషాల్లో చరిత బాగుచేసింది. మార్జరీ మళ్ళీ నొక్కింది. పట్టిక వచ్చింది, అడ్రసు ఉంది. "ఇదిగో, ఇదీ నాకు కావాల్సింది," అని ఆవిడ చరిత చెయ్యి పట్టుకుని ఊపింది. కమిటీ వాళ్ళు సరేనన్నారు. కంపెనీకి సంఘం మిగిలింది. చరితకి లెటర్ మిగల్లేదు.

"పని వచ్చు ఆ పిల్లకి," అన్నాడు మహీధర్ మర్నాడు. "కానీ జాగ్రత్త లేదు. క్లయింట్ ముందు అంత అవమానం... ఇప్పుడు ఫుల్ టైం అంటే కష్టం. మీరేమంటారు?"

ఇది కొత్త ప్రశ్న. దీనికైనా చెప్పొచ్చు.

"మీ ఇష్టం," అన్నాడు వీరభద్రరావు.

ఆ సాయంత్రం త్రిపుర అన్నం వడ్డిస్తూ అడిగింది. "చరిత డెమో ఎలా అయిందండీ?"

"అయింది."

"లెటర్ ఇచ్చాడా మహీధర్?"

"లేదు."

"అదేంటి? పాపం ఎందుకివ్వలేదూ?"

"స్పెల్లింగ్ తప్పు వచ్చింది."

"ఎవరి తప్పు?"

వీరభద్రరావు మజ్జిగ కలుపుకున్నాడు. త్రిపుర గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ముప్ఫై ఏళ్ళలో ఆమె అడిగిన ప్రశ్నకి ముక్క కూడా రాకపోవడం అదే మొదటిసారి. ఆమె ఇంకేమీ అడగలేదు. గరిటె గిన్నెలో పడేసి లోపలికెళ్ళిపోయింది.

చరిత కాంట్రాక్టు ఇంకా రెండు వారాలుంది. రోజూ వచ్చింది. వీరభద్రరావు పక్క టేబుల్ దగ్గరే కూర్చుని, చేసిన పనంతా అప్పగింత కాగితాల్లో రాసింది. పొద్దున్న టీ పెట్టుకున్నప్పుడు ఆయనకీ ఒక కప్పు తెచ్చి పెట్టేది, ఎప్పట్లాగే. ఆదివారాలు భోజనానికి మాత్రం రాలేదు, త్రిపుర రెండుసార్లు ఫోన్ చేసినా. ఆయన ఆ టీ తాగుతూ, ఈ కాలం పిల్లలకి దేనికీ బాధుండదు, చూడు ఎంత మామూలుగా ఉందో, అనుకున్నాడు. అలా అనుకుంటే తేలిగ్గా ఉండేది. మధ్యలో ఒకటి రెండుసార్లు కుర్చీ ఆయన వైపు తిప్పి, ఏదో వినడానికన్నట్టు కూర్చునేది. ఈయన హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు.

ఆఖరి రోజు కోటు వేసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"వాటర్లూలో మా ఫ్రెండ్ ఉంది. అక్కడికి పోయి ట్రై చేస్తా అంకుల్. దొరికితే దొరుకుతది. పర్మిట్ అయిపోయే లోపల ఏడాది కావాలె కదా, చూడాలె." బ్యాగు పట్టీ సర్దుకుంది. "మీరేమన్నా చెప్పాల్నా అంకుల్?"

ఎంత వెసులుబాటు ఇచ్చిందో చూడండి. మహీధర్ అడగని ప్రశ్న, త్రిపుర అడిగి వదిలేసిన ప్రశ్న, ఆ పిల్ల తనే చేతికందించింది. మహీధర్ ఇంకా పక్క గదిలోనే ఉన్నాడు. లెటర్ ఇంకా ఇవ్వొచ్చు.

"ఆల్ ద బెస్ట్ అమ్మాయ్," అన్నాడు వీరభద్రరావు.

చరిత తలూపింది. "థాంక్యూ, వీరభద్రరావ్," అంది.

ఇక్కడ అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు. ఆయన చెప్పిందే. తలుపు మూసుకున్నాక కూడా ఆయనకి ఆ పిలుపు చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయిందని తిట్టుకుంటూ ఫెర్రీ ఎక్కాడు.

నవంబరు పోయింది, చలికాలం పోయింది. చరిత చోట్లోకి మహీధర్ ఎవరినీ తీసుకోలేదు. మార్చిలో మార్జరీకి ఒక ముచ్చట కలిగింది. పట్టిక మారినప్పుడు చిన్న గంట మోగాలట. "చిన్న పనే కదా వీరభద్రరావు గారూ, మీరే చేసేయండి," అన్నాడు మహీధర్. గంట మోగడం బ్రౌజరు పని. పద్నాలుగో ఏట, పెదవి విరుచుకుంటూ, పొద్దున్న పదకొండింటికి, వీరభద్రరావు స్టాటిక్ ఫోల్డర్ తెరిచాడు.

ఫైలు చిన్నదే. శుభ్రంగా ఉంది. తప్పు పట్టడానికి పైనుంచి కిందికి చదివాడు. సర్వర్‌కి ఆ మాట పంపే వరస దగ్గరికి వచ్చాడు. అందులో టి పక్కన హెచ్ లేదు. ఆయన స్పెల్లింగే. దాని పైన, మనుషులు చదువుకోవడానికి మాత్రమే పనికొచ్చే కామెంటు ఒకటి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

"సర్వర్‌లో అంకుల్ హెచ్ తీసేసిన్రు. మార్పు నంబరు 4127, బుధవారం 4:41. అందుకని ఇక్కడ కూడా తీసేసిన. అంకుల్ చెప్తరు, అప్పటిదాకా నేను చెప్పను. ఇట్లు, చరిత, హెచ్ తోనే."

తన పేరు చివర టి హెచ్ ఎ అని పూర్తిగా రాసుకుంది.

వీరభద్రరావు లాగ్ తెరిచాడు. ఆ కామెంటు ఎప్పుడు రాసిందో చూశాడు. గురువారం, పదీ ముప్ఫై ఎనిమిది. అంటే చర్చి బేస్‌మెంట్‌లో, మడత కుర్చీలో, తను మెట్ల దగ్గర మహీధర్‌కి ఒక్కో ముక్కే చెబుతున్నప్పుడు. ఆ రెండు వారాలూ ఆ పిల్లకి తెలుసు. రోజూ టీ తెచ్చి పెట్టిన పిల్లకి. కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్న పిల్లకి.

ముందు వచ్చింది కోపమే. ఎంత పొగరు, క్లయింట్ ఫైల్లో ఇలాంటివి రాస్తారా ఎవరైనా? తర్వాత లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. ఫోన్‌లో ఆ పిల్ల నంబరు వెతికాడు. ఉంది. చూసి, ఫోన్ బోర్లా పెట్టేశాడు.

కామెంటు మొత్తం సెలెక్ట్ చేశాడు. డిలీట్ మీద వేలు పెట్టాడు. ఒక్క నొక్కు. పేజీకేం కాదు, పట్టికకేం కాదు.

కాని చెరిపితే, చెరిపినట్టు లాగ్‌లో పడుతుంది. ఏం చెరిపారో అక్షరం పొల్లుపోకుండా పడుతుంది. పక్కనే చెరిపినవాడి పేరు, టైముతో సహా. అడిగినవాడికి అడిగినంతే ఇవ్వడం ఆ లాగ్‌కి తెలియదు, మొత్తం ఇచ్చేస్తుంది.

"అయిందా వీరభద్రరావు గారూ?" అని పక్క గదిలోంచి మహీధర్ కేకేశాడు.

"అవుతోంది," అన్నాడు.

వేలు తీసేశాడు. కామెంటు కింద, దాన్ని తాకకుండా, గంట కోసం రెండు వరసలు రాశాడు. ఆ సాయంత్రం ఫెర్రీలో మధ్య వరసలో చోటు లేదు. కిటికీ పక్కన కూర్చోవలసి వచ్చింది.